బ్రాయిలర్లకు ‘నేచురల్’ కిట్: నాలుగింటిలో రెండింటికే నా ఓటు

డబ్బా మీద పచ్చటి ఆకులు, పసుపు కొమ్ములు, మధ్యలో నిగనిగలాడే కోడి. లోపల మూడు సీసాలు, ఒక పొడి ప్యాకెట్: నీళ్లలో కలిపే యాసిడిఫయర్ (ఆమ్లం), ప్రోబయోటిక్ (పేగుకి మేలు చేసే బ్యాక్టీరియా) పొడి, మూలికల లివర్ టానిక్, ఒరెగానో ఆకు నూనె. ఏ రోజు ఏది ఎంత కలపాలో చెప్పే చార్టు కూడా ఉంది. ఇవి వాడితే ఎఫ్‌సీఆర్ (కిలో బరువు పెరగడానికి కోడి తినే మేత) తగ్గుతుంది, మోర్టాలిటీ (కోళ్ల చావులు) తగ్గుతుంది, యాంటీబయాటిక్ అవసరమే రాదు అని డబ్బా మీద రాసుకున్నారు. కంపెనీ పేరు రాయను. ఈ మధ్య నేను చూసిన కిట్లన్నీ ఇదే మూసలో ఉన్నాయి, సీసా రంగు మారుతుందంతే.

షెడ్డుకి మధ్యలో వల కట్టి, రెండు వైపులా వేరువేరు వాటర్ ట్యాంకులు పెట్టి చూశాను. ఒకే హ్యాచరీ పిల్లలు, ఒకే దాణా. కిట్ ఒక వైపు మాత్రమే. బరువులో కిట్ వైపు కోళ్లే కాస్త మెరుగ్గా వచ్చాయి గానీ, దాన్ని నేను పెద్దగా లెక్కలోకి తీసుకోను. గాలి ఆడే వైపు, ఆడని వైపు కోళ్లు ఎప్పుడూ సమానంగా పెరగవు. నేను నమ్మేది లిట్టర్‌ని, అంటే షెడ్డు నేల మీద పరిచే పొట్టుని. కోడి పేగు ఎలా ఉందో రెట్ట చెబుతుంది, రెట్ట ఎలా ఉందో లిట్టర్ చెబుతుంది.

నిపుల్ లైన్ (కోళ్లు పొడిచి నీళ్లు తాగే పైపు) కింద నుంచి గుప్పెడు పొట్టు తీసి గట్టిగా పిసికి, చెయ్యి తెరవండి. పొడిపొడిగా రాలిపోతే బాగున్నట్టు. ఉండలా అలాగే నిలబడితే తేమ ఎక్కువైనట్టు. నాలుగో వారంలో కిట్ లేని వైపు నిపుళ్ల కింద పొట్టు అట్టలు కట్టింది, పారతో లేపాల్సి వచ్చింది. కిట్ వైపు పొట్టు వేళ్ల మధ్య నుంచి జారిపోయింది. ఆ వైపు కోళ్లని పట్టుకుని అరికాళ్లు చూస్తే నల్లమచ్చలు తక్కువ. పొద్దున్నే షెడ్డులోకి వెళ్లినప్పుడు కళ్లు మండే అమ్మోనియా ఘాటు కూడా ఆ వైపు బాగా తగ్గింది. తర్వాతి బ్యాచ్‌కి టానిక్, ఒరెగానో ఆపేసి యాసిడ్, ప్రోబయోటిక్ మాత్రమే ఇచ్చాను. లిట్టర్ అంతే బాగుంది. నా తీర్పుకి ఆధారం ఇదే.

ముందు యాసిడిఫయర్ సంగతి. ఇందులో ఫార్మిక్, ప్రొపియోనిక్ ఆమ్లాలు ఉన్నాయి. ఫార్మిక్ ఆమ్లం చీమల్లో ఉండేదే కాబట్టి నేచురల్ అంటారేమో గానీ, సీసాలోకి వచ్చింది మాత్రం ఫ్యాక్టరీ నుంచే. దాంతో నాకు పేచీ లేదు, పని చేస్తే చాలు. చిన్న కోడిపిల్లలకి పొట్టలో ఆమ్లం సరిగా ఊరదు. నీళ్లలో కొంచెం పులుపు ఉంటే సాల్మొనెల్లా, ఈకోలై లాంటి చెడు బ్యాక్టీరియాలు మేత సంచి దగ్గరే కొంత వరకు అణిగిపోతాయి. చిక్కు ఎక్కడంటే, చార్టులో లీటరుకి ఇన్ని మిల్లీలీటర్లు అని ఒకే లెక్క ఇచ్చారు. బోరు నీళ్లు గట్టివైతే వాటిలోని బైకార్బొనేట్లే సగం ఆమ్లాన్ని మింగేస్తాయి. అందుకే చార్టు పక్కన పెట్టి పులుపు కొలిచే పీహెచ్ కాగితంతో చూసుకుంటూ 4 నుంచి 4.5 మధ్యకి తెచ్చాను. అంతకంటే పులుపు ఎక్కితే కోళ్లు నీళ్లు తగ్గిస్తాయి. బ్రాయిలర్ తిన్న మేతకి దాదాపు రెండింతలు నీళ్లు తాగుతుంది. నీళ్లు తగ్గాయంటే మేత తగ్గినట్టే, బరువూ పోయినట్టే.

చార్టులో లేని ఇంకో విషయం. యాసిడ్ మొదలెట్టిన కొద్ది రోజులకి లైన్ చివర మూత తీసి ఫ్లష్ చేస్తే, గుడ్డ మీద గోధుమ రంగు జిగురు ముద్దలు ముద్దలుగా పడింది. పైపు లోపల ఎప్పటినుంచో పేరుకున్న పాచి అది. ఆమ్లం దాన్ని ఊడబెరికింది, మంచిదే. కానీ ఊడింది పోయి నిపుళ్లలో ఇరుక్కుంటే కోళ్లకి నీళ్లే అందవు. అందుకే పిల్లలు రాకముందే, షెడ్డు ఖాళీగా ఉన్నప్పుడు లైన్లు కడిగేసుకోవాలి. ఈ ఒక్క మాట చార్టులో రాసి ఉంటే ఎంత బాగుండేది!

ప్రోబయోటిక్ పొడి ఈ కిట్‌లో నాకు బాగా నచ్చింది. దీని వెనక సిద్ధాంతం కొత్తది కాదు. పెద్ద కోడి పేగుల్లోని సరుకు ఒక రోజు పిల్లలకి ఇస్తే సాల్మొనెల్లాని తట్టుకుంటాయని నూర్మి, రాంటాలా అనే ఫిన్లండ్ శాస్త్రవేత్తలు 1973లో ప్రచురించారు. తల్లి కోడి దగ్గర పెరిగే పిల్లకి ఆ మంచి బ్యాక్టీరియా దానంతటదే అబ్బుతుంది. హ్యాచరీ పిల్ల తల్లి మొహమే ఎరగదు. అందుకే మొదటి రోజుల్లోనే ఇవ్వాలి, నెల దాటాక ఇస్తే పెద్దగా ఉపయోగం ఉండదు. ప్యాకెట్ మీద బాసిల్లస్ సబ్టిలిస్, లాక్టోబాసిల్లస్ అని పేర్లు, గ్రాముకి ఎంత లెక్కో, ఎక్స్‌పైరీ తేదీ, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. మెచ్చుకోవాలి. బాసిల్లస్ స్పోరు రూపంలో (గట్టి పొర కట్టుకుని నిద్రాణంగా) ఉంటుంది, వేడికి తట్టుకుంటుంది. లాక్టోబాసిల్లస్ సుకుమారి, క్లోరిన్ తగిలితే చచ్చిపోతుంది. మరి చార్టులో మొదటి రోజే శానిటైజర్ కలిపిన నీళ్లలో ఈ పొడి వేయమన్నారు! డబ్బులు పెట్టి కొన్న బ్యాక్టీరియాని మన చేత్తో మనమే చంపడం అన్నమాట. నేను పొడిని కాస్త తడి చేసిన ప్రీ-స్టార్టర్ (మొదటి రోజుల) మేతలో కలిపి, వెచ్చదనమిచ్చే బ్రూడర్ కింద కాగితాల మీద చల్లాను. పిల్లలు పోటీపడి ఏరుకున్నాయి.

అంతకంటే పెద్ద తప్పు టీకా రోజున ఉంది. గంబోరో అనే వైరస్ రోగానికి టీకా నీళ్లలో ఇచ్చే రోజుకే యాసిడ్ కూడా రాసి ఉంది. ప్రాణమున్న టీకా వైరస్‌కి క్లోరిన్ పడదు, పులుపూ పడదు. అందుకే లీటరుకి 2.5 గ్రాముల కొవ్వు లేని పాలపొడి కలిపి మరీ టీకా నీళ్లు తయారు చేస్తాం. కంపెనీకి ఫోన్ చేస్తే, “ఏం కాదండీ, అంతా నేచురలే కదా” అన్నారు. వాళ్ల మాట వినకుండా టీకాకి ముందు రోజు, ఆ రోజు, తర్వాతి రోజు యాసిడ్ బంద్ పెట్టాను. కొత్తగా పెంపకం మొదలెట్టినవాళ్లు ఆ చార్టుని గుడ్డిగా పాటిస్తే ఏమవుతుందో అని నాకు ఇప్పటికీ టెన్షనే.

లివర్ టానిక్ గురించి ఎక్కువ రాయడానికేం లేదు. చిక్కటి గోధుమ రంగు ద్రవం, బెల్లం వాసన. మూలికల పేర్లు వరసగా ఉన్నాయి, ఏది ఎంత శాతమో ఎక్కడా లేదు. మెథియోనిన్ అవసరాన్ని కూడా తీరుస్తుందట. మొక్కజొన్న, సోయా దాణాలో అన్నిటికంటే ముందు కొరత పడే అమైనో ఆమ్లం మెథియోనిన్. అందుకే మిల్లువాళ్లు దాణాలోనే కలుపుతారు. నీళ్లలో కలిపే చెంచాడు కషాయం ఆ లోటు తీరుస్తుందంటే నేను నమ్మను. కోళ్లు ఇష్టంగా తాగుతాయి, నిజమే, తియ్యగా ఉంటుంది కాబట్టి. ఆ తీపే పైపుల్లో మిగిలి మళ్లీ పాచి పెంచుతుంది. యాసిడ్‌తో కడిగిందంతా టానిక్‌తో మొదటికొచ్చింది.

డబ్బా మీద పసుపు కొమ్ముల బొమ్మ ఉంది కాబట్టి ఒక మాట. పసుపులో కర్కుమిన్ ఉండేదే 3 శాతం వరకు, అందులోనూ ఒంటికి పట్టేది చాలా తక్కువ. కాళ్లు, చర్మం పచ్చగా కనబడటం దాని పుణ్యం కాదు. ఆ రంగు మొక్కజొన్నలోని జాంథోఫిల్స్‌ది.

ఇక ఒరెగానో నూనె. యూరోపియన్ యూనియన్ 2006 జనవరి 1 నుంచి ఎదుగుదల కోసం మేతలో యాంటీబయాటిక్‌లు కలపడాన్ని నిషేధించాక ఇలాంటి నూనెలకి గిరాకీ బాగా పెరిగింది. ఇందులోని కార్వక్రాల్, థైమాల్ బ్యాక్టీరియాని చంపుతాయి, అది అబద్ధం కాదు. కానీ నూనె నీళ్లలో కలవదు కదా! బకెట్లో ఎంత గిలకొట్టినా కాసేపటికి పైకి తేలింది. ట్యాంకు గోడలకి జిడ్డు పట్టింది. లైన్ చివరి నిపుళ్ల దగ్గరికి ఘాటంతా చేరి, కోళ్లు ఒకసారి పొడిచి, తల విదిలించి పక్కకి పోయాయి. పూత వేసిన పొడి రూపంలో, దాణాలో కలిపేదైతే ఇంకోసారి చూస్తానేమో. సీసా మీద “రక్త రెట్టలకు చెక్” అని రాయడం మాత్రం క్షమించరానిది. అలాంటి రెట్ట కనిపిస్తే కాక్సిడియోసిస్ (పేగుల్లో పరాన్నజీవి తెచ్చే రోగం) అని అనుమానించి వెంటనే పశువైద్యుణ్ణి పిలవాలి, నూనె పోస్తూ కూర్చోకూడదు. దాన్ని అదుపులో ఉంచడానికి దాణాలో కలిపే కాక్సిడియోస్టాట్ మందుని నేను ఒక్క రోజు కూడా ఆపలేదు. ఆ పరాన్నజీవి గుడ్లు లిట్టర్‌లో తేమ, వెచ్చదనం దొరికితేనే రోగం తెచ్చే దశకి వస్తాయి. ఆ లెక్కన పొట్టు పొడిగా ఉంచిన ఆ రెండే ఇక్కడా కాస్త సాయం చేసినట్టు.

వచ్చే బ్యాచ్‌కి యాసిడిఫయర్, ప్రోబయోటిక్ మాత్రమే కావాలని అడిగితే, కంపెనీవాళ్లు విడిగా అమ్మం, కిట్ మొత్తం తీసుకోవాలి అన్నారు. ఆ రెండూ వేరే చోట విడివిడిగానే దొరుకుతున్నాయి. అక్కడే కొంటాను.