బరంపురం ఆదివారపు తరగతిలో సీసం కేంద్రకం: ఒక సమీక్ష

బరంపురంలో ఎమ్మెస్సీ, నెట్ విద్యార్థుల కోసం ఒక శిక్షణ కేంద్రంవారు నడుపుతున్న కేంద్రక భౌతికశాస్త్ర తరగతులకు నేను నాలుగు ఆదివారాలు హాజరయ్యాను. పాఠం తెలుగులోనూ, మధ్యమధ్య ఒడియాలోనూ సాగుతుంది. ఇచ్ఛాపురం నుంచి, పర్లాకిమిడి నుంచి బస్సెక్కి వచ్చేవారికి అది చిన్న సౌకర్యం కాదు. మొదటి మూడు వారాలు ఏ పుస్తకంలోనైనా దొరికే పాఠాలే. భారకేంద్రకాల్లో న్యూట్రాన్లు ఎంతమేర పరచుకొని ఉంటాయో కొలిచే పద్ధతిని బోధించిన నాలుగో వారం గురించే ఇక్కడ రాస్తున్నాను.

సీసం-208లో 82 ప్రోటాన్లు, 126 న్యూట్రాన్లు ఉంటాయి. ప్రోటాన్ల విస్తరణ ఎలక్ట్రాన్ల పరిక్షేపణంతో, అంటే అవి కేంద్రకం వద్ద చెదిరే తీరుతో, తెలుస్తుంది. ఆ పనికే అమెరికా భౌతికశాస్త్రవేత్త హాఫ్‌స్టాటర్‌కు 1961లో నోబెల్ వచ్చింది. ఆవేశం లేని న్యూట్రాన్లు ఆ వలకు చిక్కవు కనుక, అమెరికాలోని జెఫర్సన్ ల్యాబ్ శాస్త్రవేత్తలు బలహీన బలాన్ని (బీటా క్షయానికి కారణమైన ప్రకృతి బలాన్ని) ఆశ్రయించారు. ఆ బలానికి ఒక కణం ఎంత స్పందిస్తుందో చెప్పేది బలహీన ఆవేశం; ప్రోటాన్‌కు అది న్యూట్రాన్‌దానిలో పదో వంతు కూడా ఉండదు కనుక, ఈ పద్ధతికి ప్రధానంగా న్యూట్రాన్లే చిక్కుతాయి. ఎలక్ట్రాన్ల స్పిన్‌ను (వాటి సహజ భ్రమణ గుణాన్ని) ఒకసారి గమనదిశకు, మరోసారి దానికి ఎదురుదిశకు మార్చి, చెదిరిన ఎలక్ట్రాన్లను లెక్కించినప్పుడు బలహీన బలం వల్ల కనిపించే తేడా వంద కోట్లలో సుమారు 550 వంతులు మాత్రమే. అంత సూక్ష్మమైన తేడాను పట్టడానికి ఎంత తీవ్రమైన ఎలక్ట్రాన్ పుంజం కావాలో, 327 డిగ్రీలకే కరిగే సీసపు రేకు ఆ వేడిని తట్టుకోవడానికి దాన్ని పలుచని వజ్రపు రేకుల నడుమ ఎందుకు బిగించారో అధ్యాపకుడు ముప్పావు గంటసేపు ఓపికగా విడమర్చారు. కట్టిన రుసుము నా మట్టుకు అక్కడే గిట్టుబాటయింది.

ఛత్రపురం నుంచి వచ్చే ఒక విద్యార్థి, తమ ఊరి ఇసుకలోని మోనజైటులో థోరియం ఉండగా సీసాన్నే ఎందుకు ఎంచుకున్నారని అడిగాడు. థోరియం కేంద్రకం గుండ్రంగా కాక సాగినట్టు ఉంటుందని, సీసం-208లో ప్రోటాన్ల, న్యూట్రాన్ల సంఖ్యలు రెండూ మ్యాజిక్ సంఖ్యలే (కేంద్రకపు కర్పరాలు పూర్తిగా నిండే సంఖ్యలే) కావడంతో అది దాదాపు గోళమని, దాని మొదటి ఉత్తేజస్థితి 2.6 ఎమ్ఈవీ (పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల ప్రమాణం) పైన ఉండటంవల్ల స్థితిస్థాపకంగా, అంటే కేంద్రకాన్ని ఉత్తేజపరచకుండా, చెదిరిన ఎలక్ట్రాన్లను విడదీయడం సులువని ఆయన చెప్పారు. ఆ థోరియం-232 కూడా క్షయమవుతూ చివరకు స్థిరపడేది సీసం-208గానే అన్నప్పుడు తరగతి మొత్తం ఒక్క క్షణం నిశ్శబ్దమైంది.

అచ్చు నోట్సు మాత్రం ఈ పాఠానికి తగినట్టు లేదు. న్యూట్రాన్ పొర మందం, అంటే ప్రోటాన్లకంటే న్యూట్రాన్లు ఎంత బయటికి విస్తరించి ఉన్నాయన్నది, అందులో 2012 నాటి 0.33 ఫెర్మీలుగానే ఉంది (ఫెర్మీ అంటే మీటరులో కోటి కోట్ల వంతులో పదో వంతులో పదో వంతు సగటున కేంద్రకాల కొలమానం). ఆ విలువలో సుమారు సగమంత ఉన్న అనిశ్చితిని వేయనే లేదు. 2021లో వచ్చిన 0.283, దాని అనిశ్చితి 0.071 బోర్డు మీద కనిపించాయి గాని కాగితం మీదకు రాలేదు. కాల్షియం-48లో ఆ మందం 0.121 మాత్రమేనని 2022లో తేలడం, ఈ రెండింటినీ ఒకే సిద్ధాంతంలో ఇమడ్చడం కష్టం కావడం అసలు ప్రస్తావనకే రాలేదు. నా దృష్టిలో ఇది పెద్ద లోపం. న్యూట్రాన్లను సీసం అంచుకు నెట్టే పీడనమే న్యూట్రాన్ నక్షత్రపు వ్యాసార్థాన్ని కూడా ప్రభావితం చేస్తుందన్న ముఖ్యవిషయాన్ని చివరి పది నిమిషాల్లో హడావిడిగా ముగించారు.

నోట్సుకు విడిగా 150 రూపాయలు తీసుకుంటున్నారు. అది వద్దని, తరగతికి మాత్రమే కడతానని అడిగితే కార్యాలయంలో అభ్యంతరం చెప్పలేదు.