గడువు దాటిన మందు: పంపడమా, పారేయడమా, పరీక్షించడమా?

గడువు తేదీ దాటిన మర్నాడే మాత్ర విషమైపోదు. చెప్పిన పద్ధతిలో భద్రపరిస్తే ఆ రోజు వరకు మందు పూర్తిగా పనిచేస్తుందని తయారీదారు ఇచ్చే హామీయే ఆ తేదీ. అమెరికాలో 1986 నుంచి సైనిక నిల్వలను పరీక్షించి గడువు పొడిగిస్తున్నారు. 2006లో వెలువడిన ఫలితాల ప్రకారం 122 రకాల మందుల్లో 88 శాతం బ్యాచ్‌లు కనీసం ఏడాది అదనంగా నిలిచాయి. అలాంటప్పుడు మందుల్లేక అల్లాడేవారికి పంపితే తప్పేమిటని అడిగేవారి మనసును నేను తప్పుపట్టను.

కానీ అవి సీలు తీయకుండా, తగిన ఉష్ణోగ్రతలో దాచి, బ్యాచ్ వారీగా పరీక్షించిన మందులు. విరాళాల పెట్టెలోకి చేరే మందు ఏ ఎండలో, ఏ తేమలో గడిపిందో ఎవరికి తెలుసు? పాడైన ఆస్పిరిన్ సీసా మూత తీస్తే వెనిగర్ వాసన కొడుతుంది, కాబట్టి ముక్కే పట్టేస్తుంది. బలం తగ్గిన ఇన్సులిన్ మాత్రం చూడటానికి మామూలుగానే ఉండవచ్చు. రోగి చక్కెర పెరిగేదాకా సంగతి బయటపడదు.

పైగా భారమంతా అందుకునేవారిదే. 1988 ఆర్మేనియా భూకంపం తర్వాత వచ్చిపడ్డ వేల టన్నుల మందులను వేరుచేయడానికే యాభై మందికి ఆరు నెలలు పట్టింది. గాయపడినవారిని చూసుకోవలసిన చేతులవి! అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996లో మార్గదర్శకాలు తెచ్చింది: విరాళంగా ఇచ్చే మందుకు, చేరేనాటికి సాధారణంగా కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలి.

మరి పారేయడం మేలా? 2021లో మలావీ దాదాపు 20 వేల కోవిడ్ టీకా డోసులను కాల్చేసింది. చూసినవారి కడుపు తరుక్కుపోయింది. అయితే ఆ టీకాలు దేశానికి చేరేనాటికి మిగిలిన గడువు 18 రోజులే. తప్పు కాల్చడంలో కంటే అంత ఆలస్యంగా పంపడంలోనే ఉందని నా అభిప్రాయం.

నా ఓటు పరీక్షకే. ఎలా దాచారో తెలిసిన పెద్ద నిల్వలను ప్రయోగశాలలో పరీక్షించి, అందుకునే దేశం ఒప్పుకుంటే కొత్త తేదీతో పంపవచ్చు. ఇళ్లలో మిగిలిన మాత్రలకు అది కుదరదు. వాటిని పంపే రవాణా ఖర్చుతో అడిగిన మందే తాజాగా కొనివ్వవచ్చు.

ఒక్క చోట మాత్రం నేను పట్టు సడలిస్తాను. అలర్జీతో ఊపిరాడని మనిషి ఎదురుగా ఉండి, చేతిలో గడువు దాటిన అడ్రినలిన్ ఇంజెక్షన్ తప్ప మరేదీ లేకపోతే, దాన్నే ఇవ్వాలి. అది రోగి పక్కన నిలబడిన వైద్యుడు తీసుకునే నిర్ణయం. ఎక్కడో దూరాన పెట్టె సర్దే దాత తీసుకునేది కాదు.