ఫరో పాపం ఎవరి ఖాతాలో? కాల్విన్ మాటా, ఆర్మీనియస్ మాటా, ఏది మేలు?

బైబిల్లోని నిర్గమకాండం 4వ అధ్యాయంలోనే దేవుడు మోషేకి చెప్పేస్తాడు, ఈజిప్టు రాజు ఫరో హృదయాన్ని నేను కఠినం చేస్తాను, అతను ఇశ్రాయేలు జనాన్ని పోనివ్వడు అని. తీరా ఈజిప్టు మీదికి దేవుడు పంపిన తెగుళ్లు మొదలయ్యాక చూస్తే, కప్పల బెడద తగ్గగానే ఫరో తన హృదయాన్ని తానే కఠినం చేసుకున్నాడని ఉంటుంది, ఈగలు పోయాకా అదే మాట. ఆరో తెగులు, ఆ దద్దుర్ల దగ్గరికి వచ్చేసరికి గానీ యెహోవాయే కఠినపరిచాడన్న మాట ఆ కథలో రాదు. మరి శిక్ష పడాల్సింది ఎవరికి?

16వ శతాబ్దపు ప్రొటెస్టెంట్ సంస్కర్త కాల్విన్ వర్గం ఆ 4వ అధ్యాయం నుంచే మొదలుపెడుతుంది. ఎవరిని రక్షించాలో దేవుడు జగత్తు పుట్టకముందే నిర్ణయించుకున్నాడు, వాళ్లలో ఏ మంచీ చూసి కాదు, చివరికి విశ్వాసం కూడా ఆయన ఇచ్చేదే. దీన్ని మన తలరాతతో కలిపేస్తుంటారు గానీ రెండూ వేరు. ఇక్కడ పూర్వజన్మ లెక్కలేమీ లేవు, ఉన్నది ఒక వ్యక్తి సంకల్పం. బాధ్యత సంగతేంటి అంటే, ఫరో తన ఇష్టప్రకారమే చేశాడు, మెడ మీద కత్తి పెట్టి ఎవరూ చేయించలేదు కాబట్టి తప్పు అతనిదే అంటారు. ఈ వర్గం వాళ్లు ఇంగ్లండ్‌లో రాసుకున్న 1646 నాటి వెస్ట్‌మిన్‌స్టర్ విశ్వాస ప్రమాణం కూడా ఇంతే: జరిగేదంతా దేవుడు నిర్ణయించిందే, అయినా పాపానికి కర్త ఆయన కాదు, మనిషి చిత్తం మీద బలవంతమూ లేదు.

నాకు ఇక్కడే మింగుడుపడదు. ఆ ఇష్టం ఎక్కడి నుంచి వచ్చింది? అదీ నిర్ణయంలో భాగమే అయితే, ఇష్టప్రకారం చేశాడు కదా అనడం సగం జవాబే. ఇంకాస్త గట్టిగా అడిగితే పౌలు రోమీయులకు రాసిన పత్రిక 9వ అధ్యాయం తెరిచి, కుమ్మరిని మట్టి ప్రశ్నిస్తుందా అంటారు. పౌలు మాట కాదనను, కానీ అది ప్రశ్నను ఆపుతుందే తప్ప విప్పదు.

ఇక రెండో వైపు ఆర్మీనియస్, నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో వేదాంత ప్రొఫెసర్, 1609లో పోయాడు. మరుసటి ఏడాది ఆయన అనుచరులు 5 అంశాలతో ఒక విన్నపం రాశారు. వీళ్లంటే మనిషి సొంత ప్రయత్నంతో రక్షణ పొందుతాడనే బ్యాచ్ అని చాలామంది అనుకుంటారు, అది శుద్ధ తప్పు. కృప లేకుండా ఎవడూ దేవుని వైపు ఒక్క అడుగు కూడా వేయలేడని వీళ్లూ ఒప్పుకుంటారు. కాకపోతే ఆ కృపను మనిషి తోసిపుచ్చగలడు, ఎవరు నమ్ముతారో దేవుడు ముందే ఎరిగి వారిని ఏర్పరచుకున్నాడు అంటారు. తర్వాత మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ ఈ దారే పట్టాడు (మన మెదక్ చర్చి కట్టించింది ఆ వెస్లియన్ మిషనరీలే).

బాధ్యత వరకు ఇది సూటిగా ఉంది, వద్దన్నవాడే దోషి. ముందే తెలియడం వేరు, చేయించడం వేరు, నిన్నటి క్రికెట్ మ్యాచ్ రికార్డింగ్ చూస్తూ ఫలానావాడు అవుటవుతాడని నాకు తెలిసినంత మాత్రాన అవుట్ చేసింది నేను కాదుగా. అయితే దేవుడు కేవలం ప్రేక్షకుడు కాదు, స్టేడియాన్నీ ఆటగాడినీ సృష్టించింది ఆయనే. వీడు తిరస్కరిస్తాడని తెలిసి కూడా ఎందుకు పుట్టించాడు? కాబట్టి చిక్కు ఇక్కడా ఉంది, కొంచెం వెనక్కి జరిగిందంతే.

నెదర్లాండ్స్ సంఘం జరిపిన డోర్ట్ మహాసభ కాల్విన్ వైపు తీర్పు చెప్పింది కాబట్టి ఇదంతా తేలిపోయింది అనేవాళ్లున్నారు. 1618–19లో జరిగిన ఆ సభకు ఆర్మీనియస్ అనుచరులను పిలిచింది సభ్యులుగా కాదు, ముద్దాయిలుగా. తర్వాత సుమారు 200 మంది పాదిరుల ఉద్యోగాలు ఊడాయి. అలాంటి చోట వచ్చిన తీర్పును తీర్పుగా చూపించకండి. కాథలిక్కుల్లో కూడా 1588లో మోలీనా అనే స్పెయిన్ జెస్యూట్ సన్యాసి మధ్యేమార్గం ఒకటి చెప్పాడు: ఏ పరిస్థితిలో పెడితే ఎవరు స్వేచ్ఛగా ఏం చేస్తారో దేవునికి తెలుసు, ఆ తెలివితోనే లోకాన్ని ఏర్పాటు చేశాడు అని. తెలివైన మాటే, కానీ ఆ పరిస్థితులను ఎంచుకున్నది మళ్లీ ఆయనేగా. దీని మీద రోములో ఏళ్ల తరబడి వాదనలు జరిగాక, 1607లో పోప్ ఏ తీర్పూ చెప్పకుండా వదిలేశాడు.

నన్ను అడిగితే, పాపం ఎవరిది అన్న ప్రశ్నకు ఆర్మీనియస్ మాటే మేలు, మారుమనస్సు పొందండి అని ఊరూరా ప్రకటించేవాళ్లకు అదే సరిపోతుంది. నా విశ్వాసం చివరిదాకా నిలుస్తుందా అని టెన్షన్ పడేవాళ్లకు మాత్రం, పట్టుకున్నది నువ్వు కాదు ఆయన అని చెప్పే కాల్విన్ దగ్గరే ఎక్కువ ధైర్యం దొరుకుతుంది. పైగా అపొస్తలుల కార్యాలు 2:23 కాల్విన్ వైపే బలంగా మొగ్గుతుంది. దేవుడు నిర్ణయించిన సంకల్పం ప్రకారమే యేసు అప్పగించబడ్డాడు, అయినా చంపింది మీరే అని అపొస్తలుడు పేతురు యెరూషలేములో తన ఎదుట ఉన్న జనంతో రెంటినీ ఒకే ఊపిరిలో అనేస్తాడు, ఆ రెండూ ఎలా పొసుగుతాయో చెప్పకుండానే.