పాటల యాప్‌కి నాలుగేళ్లు డబ్బు కట్టాక: నా గొడవంతా డౌన్‌లోడ్ బటన్‌తోనే

సౌండ్ బాగుంటుంది, యాడ్స్ గోల ఉండదు. అవన్నీ మీకు తెలిసినవే, వదిలేద్దాం.

మొన్న కార్తీకమాసంలో అమ్మను తీసుకుని శ్రీశైలం వెళ్లాం. బండి బావది, తోలేదీ ఆయనే. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక అడవిలో సిగ్నల్ దొరకడం కష్టమని తెలుసు. అయినా అమ్మ పాటలు రెండొందలు ఎప్పుడో డౌన్‌లోడ్ చేసి పెట్టాను కదా అని ధీమా. తీరా తెరిస్తే సగం పేర్లు బూడిదరంగులో ఉన్నాయి. నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. అమ్మ అడిగింది 1962 నాటి పాట. అదీ పోయింది.

"నెలనెలా డబ్బులు కడుతున్నావుగా, మరి పాటేదిరా?" అంది వెనక సీట్లోంచి.

బావ ఏమీ అనకుండా పెన్‌డ్రైవ్ తీసి గుచ్చాడు. అదే పాట వచ్చింది. స్టీరియో తెర మీద గాయకుడి పేరుండాల్సిన చోట ఏదో పైరసీ సైట్ పేరు. బాగా కుదించిన నాసిరకం 128 కేబీపీఎస్ ఫైలు, వయొలిన్లు రేకుడబ్బాలో వాయించినట్టున్నాయి. అమ్మకి అదేం పట్టలేదు, గొంతు కలిపేసింది. దసరాకి ఆ పెన్‌డ్రైవ్ చూసే బావకి క్లాసు పీకాను, దొంగ పాటలు ఎందుకు బావా అని. అద్దంలో నన్ను చూసి నవ్వాడంతే. ఏమైనా అన్నా బాగుండేది.

ఇంటికొచ్చి కస్టమర్ కేర్‌ని అడిగితే, ఆ రికార్డు కంపెనీతో ఒప్పందం అయిపోయిందట. పాటలు వాళ్లవి, తీసుకోవచ్చు. ముందు ఒక్క మెసేజ్ పెట్టొచ్చుగా? ఆపిల్ వాళ్ల పాటల దుకాణం ఐట్యూన్స్ 2009లోనే అమ్మే పాటలకు కాపీ చేసుకోనివ్వని డిజిటల్ తాళాలు తీసేసింది. ఇక్కడ నా ఫోన్లో ఉన్న ఫైలుకి తాళం, తాళంచెవి యాప్ వాళ్ల దగ్గర.

ఇంకో తిరకాసు. మన కాపీరైట్ చట్టంలో రికార్డింగ్ మీద హక్కు విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్లే. అంటే నాకర్థమైనంతలో అమ్మ పాట రికార్డింగ్‌కి ఆ గడువు 2022తోనే తీరింది. సాహిత్యం, బాణీ లెక్క వేరు, అవి రాసినవాళ్లు పోయాక కూడా 60 ఏళ్లుంటాయి. కాబట్టి బావ పెన్‌డ్రైవ్ కంపెనీని ముంచలేదేమో గానీ, కవి ఇంటివాళ్లకు రావాల్సింది ఎగ్గొట్టినట్టే.

రెండేళ్ల కిందట ఇంటిల్లిపాదికీ ఈ యాప్ ఎక్కించింది నేనే. అప్పుడు పాటలు కొనుక్కుంటున్నాం అన్నాను. అద్దె అనాల్సింది.

అయినా మళ్లీ కట్టాను. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ తర్వాత కవికీ సంగీత దర్శకుడికీ రాయల్టీలో వాటా ఉంది, ఎంత చేరుతుందన్నది పక్కన పెడితే. పైగా నేను రోజూ తిరిగేది మియాపూర్ మెట్రోలో, సిగ్నల్‌కి లోటుండదు. పెద్దవాళ్లకి పాత పాటల కోసమే అయితే మాత్రం ఏడాది ప్యాక్ వద్దు, నెలకే తీసుకోండి.

బావ పెన్‌డ్రైవ్ అమ్మ బ్యాగులోనే ఉండిపోయింది. ఆయన అడగలేదు, నేనూ తీసివ్వలేదు.