బంధాన్ని బొమ్మ కట్టడానికి ప్రతీక మేలా, అన్యాపదేశం మేలా?

ఇద్దరు మనుషుల మధ్య ఉన్నదానికి రూపం లేదు. వారి ముఖాలను, కట్టుబొట్టును, నిలబడిన తీరును గీయవచ్చు గానీ, వారి మధ్య ఉన్న నమ్మకానికో అనుమానానికో ఎడబాటుకో కుంచె నేరుగా అందుకోగల ఆకారం ఏదీ లేదు. అందుకే చిత్రకారులు చాలాకాలంగా రెండు దారులు పట్టారు. మొదటిది ప్రతీక. ఇంట్లో మామూలుగా ఉండే వస్తువే తన పని తాను చేస్తూ, లోపల మరో అర్థాన్ని మోస్తుంది. రెండవది అన్యాపదేశం. ప్రేమ, అసూయ, కాలం వంటి భావాలకే మనిషి రూపమిచ్చి, వాటి మధ్య ఒక కథ నడుపుతారు. ఈ రెండింటిలో బంధాన్ని చెప్పడానికి ఏది మేలో తూచి చూడాలంటే, లండన్‌లోని నేషనల్ గ్యాలరీలో ఒకే కప్పు కింద ఉన్న రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టుకుంటే సరిపోతుంది.

మొదటిది యాన్ వాన్ ఐక్ 1434లో ఓక్ చెక్కపై నూనె రంగులతో వేసిన ఆర్నోల్ఫినీ దంపతుల చిత్రం. ఎత్తు 82 సెంటీమీటర్లు, వెడల్పు 60 సెంటీమీటర్లు, అంటే ఒక చిన్న కిటికీ అంత. ఇటలీలోని లూకా నుంచి వచ్చి బ్రూజ్ నగరంలో వ్యాపారం చేసుకున్న కుటుంబానికి చెందిన ఒక వర్తకుడు, అతని భార్య ఒక గదిలో నిలబడి ఉంటారు. ఆమె అరచేయి అతని చేతిలో ఉంటుంది. వారి పాదాల దగ్గర చిన్న కుక్క, ఒక పక్కన విడిచిన చెక్క పావుకోళ్ళు, కిటికీ దగ్గర నారింజలు, పట్టపగలే షాండ్లియర్‌లో వెలుగుతున్న ఒకే ఒక్క కొవ్వొత్తి కనిపిస్తాయి. వెనుక గోడకున్న ఉబ్బెత్తు అద్దంలో దంపతుల వీపులు, వారికి ఎదురుగా గుమ్మంలో నిలబడిన మరో ఇద్దరు మనుషులు కనిపిస్తారు. అద్దానికి పైన లాటిన్‌లో ‘యాన్ వాన్ ఐక్ ఇక్కడ ఉన్నాడు, 1434’ అని రాసి ఉంటుంది.

1934లో కళాచరిత్రకారుడు ఎర్విన్ పనోఫ్‌స్కీ ఈ చిత్రాన్ని ఒక వివాహ పత్రంగా చదివాడు. కుక్క విశ్వాసానికి గుర్తు, కొవ్వొత్తి అన్నీ చూసే దేవుడికి గుర్తు, విడిచిన పావుకోళ్ళు అది పవిత్రమైన నేల అనడానికి గుర్తు, అద్దంలోని ఇద్దరూ సాక్షులు అన్నాడు. చాలా అందమైన వ్యాఖ్య ఇది. అయితే పావుకోళ్ళ దగ్గర తెలుగు పాఠకుడు కొంచెం నవ్వుకుంటాడు. గుమ్మం దాటగానే చెప్పులు విడిచే మనకు అందులో దేవుడి కంటే ముందు ఇల్లే కనిపిస్తుంది. ఒకచోట నిగూఢార్థమైనది ఇంకొకచోట రోజువారీ మర్యాద కావచ్చుననే విషయాన్ని ప్రతీకలను చదివేవారు తరచూ మరచిపోతారు.

ఆ తరవాత కథ అడ్డం తిరిగింది. చిత్రంలోని వర్తకుడిగా చాలాకాలం అనుకున్న వ్యక్తికి పెళ్ళి జరిగింది 1447లో అని 1990లలో ఒక పత్రం బయటపెట్టింది. అంటే చిత్రం వేసిన పదమూడేళ్ళ తరవాత. దాంతో ఇది పెళ్ళి దృశ్యమన్న వాదం బలహీనపడి, పరిశోధకుల చూపు అతని దాయాది వైపు మళ్ళింది. ఆ దాయాది భార్య కొస్తాంజా 1433 నాటికే మరణించింది. చిత్రంలో ఉన్నది ఆమే అయితే ఇది పెళ్ళి బొమ్మ కాదు, పోయిన భార్యకు భర్త నిలుపుకున్న జ్ఞాపకం. ఈ చూపుతో మళ్ళీ చూస్తే వెలుగుతున్న కొవ్వొత్తి భర్త వైపున ఉంది. భార్య వైపున ఆరిపోయిన కొవ్వొత్తి తాలూకు మైనం మాత్రమే మిగిలి ఉంది. అద్దపు చట్రంపై ఉన్న క్రీస్తు కథా ఘట్టాలలో అతని వైపున బతికి ఉన్నప్పటివి, ఆమె వైపున మరణానికీ ఆ తరవాతి కాలానికీ సంబంధించినవి ఉన్నాయి. ఇదీ ఊహే, దీన్ని ఒప్పుకోనివారూ ఉన్నారు. పరారుణ కిరణాలతో పరీక్షించినప్పుడు అడుగున ఉన్న తొలి గీతల్లో కుక్క లేదని తేలింది కాబట్టి, ప్రతి వస్తువునూ చిత్రకారుడు ముందే లెక్కవేసి పెట్టాడని కూడా చెప్పలేము.

నన్ను ఆశ్చర్యపరిచేది వ్యాఖ్యలు మారడం కాదు. ఇంత మారినా చిత్రం చెక్కుచెదరకపోవడం నన్ను ఆశ్చర్యపరుస్తుంది. పెళ్ళి అనుకున్నా, స్మృతి అనుకున్నా, ఆ రెండు చేతుల మధ్య ఉన్న జాగ్రత్త అలాగే ఉంటుంది. కొవ్వొత్తి మొదట కొవ్వొత్తి, ఆ తరవాతే మరేదైనా. తన ఉనికికి మామూలు కారణం ఒకటి ఉన్న వస్తువు అర్థం పోగొట్టుకున్నా బొమ్మలో నిలబడగలదు.

ఇప్పుడు రెండవ చిత్రం. ఫ్లారెన్స్‌లో మెదిచీ ప్రభువు కోసిమో ఆస్థానంలో ఉన్న బ్రొంజీనో 1545 ప్రాంతంలో వేసిన, రోమన్ పురాణాల ప్రేమదేవత వీనస్, ఆమె కొడుకు క్యూపిడ్‌ల అన్యాపదేశ చిత్రం ఇది. దీన్ని ఫ్రాన్స్ రాజు మొదటి ఫ్రాన్సిస్‌కు పంపారు. దాదాపు ఒకటిన్నర మీటర్ల ఎత్తున్న ఈ పలకపై ఇల్లు లేదు, గది లేదు, ఊపిరాడే ఖాళీ కూడా లేదు. మధ్యలో వీనస్‌ను క్యూపిడ్ ముద్దాడుతుంటాడు. తల్లీకొడుకుల ముద్దు కావలసినది అలా లేదన్నదే చిత్రంలోని మొదటి ఇబ్బంది. ముద్దు పెడుతూనే అతని చేయి ఆమె తలపైని ఆభరణం మీదికి పోతుంది. ఆమె చేతిలోకి అతని బాణం వచ్చి చేరింది. ఇద్దరూ ఒకరినొకరు దోచుకుంటున్నారు. పక్కన గులాబీలు చల్లబోతూ నవ్వుతున్న పిల్లవాడి పాదంలో ముల్లు దిగింది, వాడికి ఆ సంగతే పట్టలేదు. వెనుక ఒక రూపం జుట్టు పీక్కుంటూ కేకపెడుతోంది. పైన ఇసుక గడియారాన్ని భుజాన మోస్తున్న ముసలి కాలపురుషుడు నీలిరంగు తెరను పట్టుకుని ఉన్నాడు.

ఆ గుంపులో ఒక అమ్మాయి ముఖం మాత్రం అమాయకంగా ఉంటుంది. మెడ కిందికి చూస్తే పొలుసుల ఒళ్ళు, సింహపు పంజాలు ఉంటాయి. ఒక చేత్తో తేనెపట్టు అందిస్తూ, ఇంకో చేత్తో విషపు కొండిని దాచుకుంటుంది. బ్రొంజీనో ఆమె చేతులను తారుమారు చేశాడు. తేనె ఇస్తున్న కుడి భుజానికి ఉన్నది ఎడమ అరచెయ్యి, విషం దాచుకున్న ఎడమ భుజానికి ఉన్నది కుడి అరచెయ్యి. ఎడమచేత్తో ఏదీ ఇవ్వకూడదని పిల్లలను గద్దించే మన ఇళ్ళలో ఈ ఒక్క వివరానికి ఏ వ్యాఖ్యానమూ అక్కరలేదు. ప్రేమలో మోసం ఎలా ఉంటుందో ఇంతకంటే క్లుప్తంగా గీసిన చోటు నేను చూడలేదు.

అయితే అన్యాపదేశానికి తాళంచెవి కావాలి. ఈ చిత్రం గురించి 1568లో చిత్రకారుల జీవితచరిత్రలు రాసిన వసారి పేర్కొన్న పేర్లకూ, చిత్రంలో కనిపించే రూపాలకూ పూర్తిగా పొంతన కుదరదు. కేకపెట్టే రూపాన్ని కొందరు అసూయ అన్నారు, మరికొందరు ఆనాడు ఐరోపాను వణికించిన సవాయి రోగం (సిఫిలిస్) అన్నారు. ఇక్కడా పేర్లు మారాయి గానీ తీర్పు మారలేదు. ఏ పేరు పెట్టినా సుఖం వెంట నొప్పి ఉంటుంది, కాలం తెర లాగుతుంది అన్నదే మిగులుతుంది. అన్యాపదేశం బలమూ ఇదే, లోపమూ ఇదే. అది బంధం అనే జాతి గురించి తీర్పు చెప్పగలదు. ఫలానా ఇద్దరి గురించి ఏమీ చెప్పలేదు. ఈ వీనస్ ఎవరి భార్య, ఎవరి ప్రియురాలు అని ఎవరూ అడగరు. ఆర్నోల్ఫినీ భార్య ఎవరన్నది మాత్రం ఈనాటికీ వెతుకుతూనే ఉన్నారు.

ఇలా రెండుగా విడదీయడం ఐరోపాకు నప్పినంతగా మన దగ్గర నప్పదు. కాంగ్రా, బసోలీ వంటి హిమాలయ ప్రాంతపు పహాడీ కొండ రాజ్యాలలో అష్టనాయికలను, అంటే ప్రేమలో నాయిక ఉండే ఎనిమిది దశలను గీసినవారు రెండు దారులనూ ఒక్కటి చేశారు. అభిసారిక నల్లని రాత్రిలో ప్రియుడి దగ్గరికి నడుస్తుంటుంది. కాళ్ళ దగ్గర పాములు, పైన మెరుపు, చెట్ల చాటున పిశాచాలు ఉంటాయి. ఆమె పేరున్న మనిషి కాదు, ఒక దశ. ఆ మేరకు ఇది అన్యాపదేశానికి దగ్గర. కానీ పాము నిజంగా అడవిలో ఉండే పామే, మెరుపు వానాకాలపు మెరుపే. ఆ మేరకు ప్రతీక. కూచిపూడి భామాకలాపం చూసి పెరిగినవారికి నాయికా భేదాలు ముందే తెలుసు కాబట్టి ఇక్కడ తాళంచెవి విడిగా వెతుక్కోనక్కరలేదు. చూసేవారికి, గీసేవారికి మధ్య ఉమ్మడి నిఘంటువు ఉన్నంతకాలమే ఈ పద్ధతి పనిచేస్తుంది. ఆ నిఘంటువు చిరిగిపోయిన నగరంలో అదే బొమ్మ పాములతో ఆడుకుంటున్న అమ్మాయిగా మిగలవచ్చు.

నిఘంటువు లేని చోట ఏం చేయాలో మెక్సికోలో చిత్రకారిణి ఫ్రీడా కాహ్లో చూపించింది. భర్త డియెగో రివేరాతో విడాకులైన 1939లోనే ఆమె ‘ఇద్దరు ఫ్రీడాలు’ వేసింది. ఒకరు మెక్సికో సంప్రదాయపు తెహువానా దుస్తుల్లో, ఇంకొకరు తెల్లని ఐరోపా దుస్తుల్లో చేయీ చేయీ పట్టుకుని కూర్చుంటారు. ఇద్దరి గుండెలూ బయటికే కనిపిస్తాయి. మొదటి ఫ్రీడా చేతిలో చిన్నప్పటి డియెగో బొమ్మ ఒకటి ఉంటుంది. అక్కడ మొదలైన రక్తనాళం రెండు గుండెలనూ కలుపుకుంటూ వెళ్ళి, రెండవ ఫ్రీడా ఒడిలో తెగి ఉంటుంది. ఆమె కత్తెరలాంటి పట్టకారుతో దాన్ని నొక్కి పట్టుకున్నా, తెల్లని బట్టపై చుక్కలు పడుతూనే ఉంటాయి. పురాణమూ అక్కరలేదు, గ్రంథమూ అక్కరలేదు. రక్తం ఎక్కడ మొదలై ఎక్కడ కారుతోందో కన్నే చెబుతుంది.

కాబట్టి ఏది మేలు అన్న ప్రశ్నకు నా మొగ్గు ప్రతీక వైపే. లోకంలో ప్రేమ ఇలాంటిది, దాంపత్యం ఇలాంటిది అని తీర్పు చెప్పదలచిన చిత్రకారుడికి అన్యాపదేశమే సరైన ఆయుధం, అందులో బ్రొంజీనోను మించడం కష్టం. ఫలానా ఇద్దరిని గీయదలచినవాడు మాత్రం ఆ దారిన వెళితే వారి పేర్లు పోగొట్టుకుంటాడు. పిల్లలు అమెరికాలో స్థిరపడగా రాజమండ్రిలో మిగిలిన తల్లిదండ్రులను ఈనాడు ఎవరైనా గీయాలనుకుంటే, ఎడబాటుకు రెక్కలు తొడిగి ఆకాశంలో నిలబెట్టవలసిన పని లేదు. వంటింటి బల్లపై స్టీలు గ్లాసుకు ఆనించి నిలబెట్టిన ఫోను, దాని ముందు రెండు కుర్చీలు, కిటికీలో ఇంకా పూర్తిగా తెల్లవారని ఆకాశం చాలు.