కాలేజ్ ఫుట్‌బాల్ 25: పది రోజులు ఆడాక

మా బాబాయి కొడుకు డల్లాస్ నుంచి వస్తూ ఈఏ స్పోర్ట్స్ వాళ్ల కాలేజ్ ఫుట్‌బాల్ 25 వీడియో గేమ్ డిస్క్ తెచ్చాడు. బ్రాడీపేటలో మా ఇంట్లో పది రోజులుగా రాత్రి అన్నాలయ్యాక అదే ఆట. ఇది మనకి తెలిసిన ఫుట్‌బాల్ కాదు, అమెరికా వాళ్లది. నాలుగు ఛాన్సుల్లో పది గజాలు ముందుకెళ్లాలి అన్న ముక్క పట్టుబడితే మిగతాది మెల్లగా చేతికి అలవాటవుతుంది. ఎదుటి టీమ్ గ్రౌండ్‌లో ఆడుతుంటే జనం అరుపులు పెరిగేకొద్దీ స్క్రీన్ అదురుతుంది, ఎవడు ఎటు పరిగెత్తాలో చూపించే గీతలు మెలికలు తిరిగిపోతాయి, మనకి నిజంగానే టెన్షన్ పుడుతుంది. ఆటగా చాలా బాగుంది.

కానీ నేనిది రాస్తున్నది పేర్ల కోసం. 2013లో వచ్చిన పాత గేమ్‌లో ఆటగాడికి పేరుండేది కాదు, పొజిషన్, జెర్సీ నంబరు, అంతే. ఎత్తు, రంగు, ఆడే తీరు మాత్రం అచ్చం ఆ కుర్రాడివే! బాస్కెట్‌బాల్ గేమ్‌లో ఇలాగే తనని తాను చూసుకున్న మాజీ కాలేజీ ఆటగాడు ఎడ్ ఓబానన్ 2009లో కోర్టుకెళ్లాడు. కాలేజీలన్నీ ఒక్కటై, ఆటగాళ్ల పేరు, రూపం వాడుకున్నందుకు ఎవరూ వాళ్లకి పైసా ఇవ్వకూడదని కట్టుబాటు పెట్టుకోవడం, వ్యాపారంలో కుమ్మక్కుని అడ్డుకునే 1890 నాటి షెర్మన్ చట్టం ప్రకారం తప్పని ఆయన వాదన. మిర్చి యార్డులో కొనేవాళ్లంతా సిండికేటై రేటు కట్టేస్తే రైతుకి ఏం మిగులుతుందో గుంటూరులో ఎవరికీ చెప్పక్కర్లేదు కదా, ఇదీ అంతే. 2014లో జడ్జి క్లాడియా విల్కెన్ ఆయన వైపే తీర్పిచ్చారు. 2021లో ఆల్‌స్టన్ అనే మాజీ ఆటగాడి కేసులో చదువుకు సంబంధించిన సాయానికి పరిమితులు పెట్టడం చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 9-0తో తేల్చింది, అదే ఏడాది జులైలో తమ పేరు, ఫొటో మీద సంపాదించుకోవడానికి ఆటగాళ్లకి వీలు దొరికింది. ఇలాంటి కేసుల గొడవతో 2013 తర్వాత ఆగిపోయిన ఈ గేమ్ పేర్లతో సహా మళ్లీ రావడానికి అప్పుడుగానీ దారి పడలేదు.

ఇందులో పేరు వాడుకోనిచ్చిన ప్రతి ఆటగాడికీ 600 డాలర్లు, ఒక గేమ్ కాపీ ఇచ్చారు. మన లెక్కలో 50 వేల రూపాయల పైనే. స్టార్‌కీ, బెంచి మీద కూర్చునేవాడికీ ఒకే రేటు. నాకిది తక్కువే అనిపించింది, ఎందుకంటే అందరి తరఫునా కూర్చుని బేరమాడే యూనియన్ వాళ్లకి లేదు. 2025 జూన్‌లో జడ్జి విల్కెన్ ఆమోదించిన, హౌస్ అనే ఆటగాడి కేసులో కుదిరిన సెటిల్‌మెంట్‌తో ఇప్పుడు కాలేజీలే నేరుగా డబ్బివ్వొచ్చు, మొదటి ఏడాది ఒక్కో కాలేజీ 2.05 కోట్ల డాలర్ల దాకా. ఆ హద్దు కూడా కాలేజీలన్నిటికీ ఒకటే పెట్టడం నాకు మింగుడుపడలేదు.

కొనేవాళ్లు ఒకటి చూసుకోండి, ఇది పీఎస్5, కొత్త ఎక్స్‌బాక్స్‌లలోనే ఆడుతుంది, పీసీలో రాదు. కాలేజీ వాలీబాల్ టీమ్‌లో మూడేళ్లు ఆడిన మా తమ్ముడైతే మ్యాచ్ మొదలెట్టే ముందు లిస్టు కిందదాకా దించి, బెంచి మీదున్న వాళ్ల పేర్లు ఒక్కొక్కటే పైకి చదువుతున్నాడు.