ఆటోనగర్ కమాన్ కట్టల షెడ్డులో పద్మినికి నడుము నిలిచింది

ముందే చెబుతున్నా, ఏసీ గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చే చోటు కాదిది. విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు కమాన్ కట్టలు, అంటే ఉక్కు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన స్ప్రింగులు, కొట్టే రేకుల షెడ్డు. బోర్డు కూడా లేదు. పాత ప్రీమియర్ పద్మిని కారును ముస్తాబు చేయించి, తీరా అది నిలబడే తీరు చూసి ఏడుస్తున్నవాళ్ల కోసం రాస్తున్నాను.

నాది 1986 మోడల్. రిస్టోరేషన్ వేరే ఊళ్లో జరిగింది. పెయింటుకీ క్రోముకీ వంక పెట్టలేం. బండి మాత్రం వెనక కూర్చుండిపోయింది, పైగా డ్రైవరు వైపు ఒరిగింది. నలుగురు ఎక్కితే ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా సైలెన్సర్ గీసుకునేది. అడిగితే "కొత్తగా బిగించాం కదా సార్, కొన్నాళ్లు తిరిగితే సెట్ అవుతుంది" అన్నారు. తిరిగేకొద్దీ స్ప్రింగు ఇంకా కూర్చుంటుందే గానీ పైకి లేస్తుందా? ఇంకో ఇద్దరు మెకానిక్కులు కట్టకు ఎక్స్‌ట్రా ప్లేటు వేయమన్నారు. ఈ సలహా మనకు ఎక్కడైనా ఉచితంగా దొరుకుతుంది.

ఈ షెడ్డు మేస్త్రి గారు దానికి ఒప్పుకోలేదు. "ప్లేటు వేస్తే బండి లేస్తుంది సార్, మీ నడుము పడిపోతుంది" అని, సుత్తి పక్కన పెట్టి టేపు తీశారు. నాకు ఈయన నచ్చింది అక్కడే. ముందు నాలుగు టైర్లలో గాలి సమానం చేయించారు. తర్వాత చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా కొలిచారు. వెనక కుడికీ ఎడమకీ అంగుళం తేడా. అంతటితో ఆగకుండా కింద దూరి, ఇరుసు నుంచి, అది బాడీకి కొట్టుకోకుండా ఆపే బంప్ రబ్బరు దాకా కొలిచారు. అక్కడ తేడా అర అంగుళమే! "మిగతా అర అంగుళం పుట్టీ సార్, దానికి నా దగ్గర మందు లేదు" అన్నారు. వేలి కణుపుతో ఫెండర్ మీద కొడితే రేకు మోగలేదు, మొద్దుగా చప్పుడొచ్చింది. పెయింటు కింద పుట్టీ అంత మందంగా మెత్తారన్నమాట.

తర్వాత ముందు మెంబర్‌కి, అంటే ముందు చక్రాల మధ్య అడ్డంగా ఉండే ఉక్కు దూలానికి, సరిగ్గా మధ్యలో జాకీ పెట్టి, ముందు చక్రాలు కాస్త తేలేలా లేపారు. వెనక భాగం తిన్నగా వచ్చేసింది. అంటే ఒరగడానికి కారణం వెనక కట్టలు కాదు, ముందు కాయిల్ స్ప్రింగులు. వెనక కట్టలది కూర్చుండిపోయిన రోగం ఒక్కటే. ఈ చిన్న పరీక్ష చేయకుండా ఎంతమంది ఒక పక్క కట్ట మీద పడి కొట్టేస్తారో!

కట్టలు విప్పితే ప్లేట్ల మధ్య దట్టంగా నల్ల పెయింటు. చూడ్డానికి బాగుంటుందని వేసి ఉంటారు. ప్లేట్లు ఒకదాని మీద ఒకటి జారితేనే కమాను పనిచేస్తుంది, పెయింటుతో అతుక్కుంటే ఇక జారేదేముంది? అదంతా గీకించి, వైరు బ్రష్షు పట్టించి, ప్లేట్లను వేడి చేయకుండా దిమ్మె మీద పెట్టి వంపు తెప్పించారు. ఒక్కో దెబ్బకీ ప్లేటును వేలెడంత జరుపుతూ కొడతారు. ఒకేచోట కొడితే అక్కడ ముడత పడుతుందట. గ్యాస్ మంటతో కాల్చి వంచితే పని చిటికెలో అవుతుంది గానీ, ఉక్కు పదును పోయి మళ్లీ కూర్చుంటుంది. కొట్టడం అయ్యాక రెండు కట్టలనూ పక్కపక్కన నిలబెట్టి వంపు సరిచూసి, గ్రాఫైట్ గ్రీజు రాసి, ప్లేట్లన్నిటినీ మధ్యలో కలిపి పట్టే కొత్త సెంటర్ బోల్టులతో కట్టారు.

ముందు కుడి కాయిల్ చివర గ్యాస్ కటర్‌తో కోసి ఉంది. కోసినచోట నీలం రంగు తేలింది. ఒక్కటే మార్చమన్నాను. జత మారిస్తే మారుస్తా, లేదంటే బండి తీసుకెళ్లమన్నారు. పాత బండ్ల స్పేర్లు దొరికే చెన్నై పుదుపేట నుంచి జత తెప్పించడానికి టైమ్ పట్టింది.

అన్నిటికన్నా నాకు నచ్చింది చివరి పని. కట్టల చివర్లలో ఉండే రబ్బరు బుష్‌ల బోల్టులు, బండి జాకీ మీద ఉండగా బిగించలేదు. బండి దించి, వెనక సీట్లో ఇద్దరు కుర్రాళ్లను కూర్చోబెట్టి, అటూ ఇటూ ఊపి అప్పుడు బిగించారు. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి, కొన్నాళ్లకే చిరుగుతుంది. నా పాత బుష్‌లు అలాగే చిరిగి ఉన్నాయి.

ఇబ్బందులూ చెప్పాలి. లారీ వస్తే మన కారు పక్కకు పోవాల్సిందే. రేపంటే ఎల్లుండి. బిల్లు ఇవ్వరు. ఆ కుర్రాళ్ల ప్యాంట్ల నిండా గ్రీజు, కాబట్టి సీట్ల మీదకు పాత దుప్పటి తీసుకెళ్లండి. అలైన్‌మెంట్ ఇక్కడ చేయరు. ఎత్తు మారితే చక్రాల కోణాలూ మారతాయి, అది బయట తప్పనిసరిగా చేయించుకోవాలి. హెడ్‌లైట్లు కూడా సరిచేయించండి. వెనక లేచింది కాబట్టి వెలుగు ఇప్పుడు కిందికి పడుతుంది.

కట్టల పనికి 5,000, కాయిల్స్ మార్చిన కూలి 1,500 తీసుకున్నారు, స్పేర్ల ఖర్చు వేరే. ఒక్కడినే ఉన్నప్పుడు కూడా బండి కుదపడం లేదు, నలుగురు ఎక్కితే ఎక్కడా గీసుకోవడం లేదు. గుంతలో దిగినప్పుడు వెనక ఎడమ వైపు సన్నగా కిర్రుమంటోంది, అదింకా పోలేదు. కొన్నాళ్లు తిరిగాక, కట్టను ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులు మళ్లీ బిగించాలి, రమ్మని ఆయనే చెప్పారు. దానికి డబ్బులు అడగలేదు. పొద్దున్నే లారీలు రాకముందు వెళ్తే వెంటనే చేసి పంపిస్తారు.